చిల్లుల మూత ఉన్న పాత ఇత్తడి గిన్నె: ఇది ఏం వస్తువో ఎవరైనా చెప్పగలరా?

పరకాల కోడలు
అందరికీ నమస్తే. మా అత్తగారిది పరకాల దగ్గర పల్లె. పాత ఇల్లు విప్పి కట్టుకుంటున్నాం కాబట్టి అటక మీది సామాను మొత్తం కిందికి దింపాం. బగోనలు, సర్వలు, గంగాళం, తాంబాలాలు అన్నీ గుర్తుపట్టాం. ఒక్క వస్తువు దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. ఫొటోలు పెట్టాను, చూడండి.

రెండు ముక్కలు. కిందిది వెడల్పు గిన్నె. అంచు నుంచి అంచు దాకా 15 అంగుళాలు, లోతు 5 అంగుళాలు. అంచు నాలుగు వేళ్ల వెడల్పున బయటికి పరుచుకుని ఉంది, దాని చుట్టూ తీగలు, పూలు చెక్కారు. రెండోది ఆ గిన్నెలో సరిగ్గా కూర్చునే చిల్లుల పళ్లెం. చిల్లులు పువ్వు ఆకారంలో వరసలుగా తిరిగాయి. పళ్లెం అంచున ఒకచోట వేలు దూరేంత కంత ఉంది.

అత్తమ్మ కాపురానికి వచ్చేసరికే ఇది ఇంట్లో ఉందట. ఆమెకు తెలిసిన వాడకం ఒక్కటే: చిల్లుల పళ్లెం తీసి దాని మీద సద్దుల బతుకమ్మ పేర్చేవాళ్లు. గునుగు పూల తడి కిందికి కారిపోతుంది కాబట్టి వీలుగా ఉండేదట. "బతుకమ్మ కోసం చేయించింది మాత్రం కాదు" అని ఆమే అంటోంది. మామయ్య లేరు, అడుగుదామంటే.

గిన్నె అడుగున ఏవో అక్షరాలు ఉన్నాయి. ఉర్దూ కావచ్చు. పక్కింటి పెద్దాయన అప్పట్లో ఉర్దూ మీడియంలో చదివిన మనిషి. చూపు ఆనక వేలితో తడిమి, అక్షరాలు తెలియట్లేదు గానీ అంకె 135 అన్నారు. అది బరువేమో అని మా ఆయన అనుమానం.

హంటర్ రోడ్
ఇడ్లీ పాత్ర అక్కా. కింద నీళ్లు, పైన చిల్లుల ప్లేటు, ఆవిరి పైకి వస్తుంది. దాని మీద మూత ఇంకోటి ఉండి ఉంటుంది, పోయింది.

వేములవాడ వాసి
నాకు పూజా సామగ్రిలా కనిపిస్తోంది. అభిషేకం చేసేటప్పుడు విగ్రహాన్ని చిల్లుల పళ్లెంలో పెడితే నీళ్లు, పాలు కింది గిన్నెలోకి దిగుతాయి. తీర్థం పడుతుంది. ఇంట్లో పంచాయతనం, అంటే అయిదుగురు దేవుళ్ల పూజ, ఉండేదా అడగండి.

జమ్మికుంట పిల్ల
బూందీ దూసే జల్లెడ కాదా? పెళ్లిళ్లకు పెద్దది వాడతారు కదా.

మంథని మాస్టారు
అమ్మా, పేర్లు చెప్పుకునే ముందు కొన్ని సంగతులు చూసి చెప్పండి. గిన్నె అడుగున మసి మరక ఉందా? ఇత్తడి ఎంత తోమినా, ఏళ్ల తరబడి పొయ్యి ఎక్కిన గిన్నె అడుగు నల్లగానే ఉంటుంది, రేకు కూడా మధ్యలో కాస్త ఉబ్బుతుంది. లోపల కలాయి ఆనవాళ్లు ఉన్నాయా? ఇత్తడిలో పులుపు తగిలితే చిలుము పడుతుంది, అందుకే వంట గిన్నెలకు తగరం పూత పెట్టించేవాళ్లు. పూత అరిగినా మూలల్లో తెల్లగా మిగిలి ఉంటుంది.

మూడోది ముఖ్యం. చిల్లుల పళ్లెం మధ్యలో పైకి లేచి ఉందా, లోపలికి దిగి ఉందా? చిల్లుల అంచులు ఏ వైపు నున్నగా ఉన్నాయి, ఏ వైపు గరుగ్గా ఉన్నాయి? పైనుంచి కొట్టిన చిల్లుకి అడుగు వైపు గరుకు తేలుతుంది. చేతులు తగిలే వైపు ఏదో దాన్ని బట్టి తెలుస్తుంది.

పరకాల కోడలు
మాస్టారూ, పొద్దున్నే కూర్చుని చూశాను. అడుగున మసి లేదు. అడుగు చదునుగానే ఉంది, ఎక్కడా ఉబ్బలేదు. లోపల కలాయి అసలు లేదు, మూలల్లో కూడా. చిల్లుల పళ్లెం మధ్యలోకి కొంచెం దిగి ఉంది. ఒక చెంచాడు నీళ్లు అంచున పోస్తే మధ్యకు జారి చిల్లుల్లోంచి పోయాయి. పైవైపు చెయ్యి పెట్టి రుద్దినా ఎక్కడా గీసుకోలేదు, కిందివైపు మాత్రం గరుగ్గా ఉంది.

ఇంకోటి గమనించాను. గిన్నె లోపలి గోడ మీద, సగానికి కాస్త పైన, చుట్టూ తెల్లటి చార ఉంది. నీళ్లు నిలవడం వల్ల వచ్చిన ఉప్పు చారలా ఉంది. దాని పైన ఇత్తడి రంగు వేరు, కింద వేరు.

మంథని మాస్టారు
అయితే ఇడ్లీ పాత్ర మాట వదిలేయవచ్చు. మసి లేదు. ఆవిరి కోసం చేసిన పళ్లెం లోపలికి దిగి ఉంటే చెమ్మంతా మధ్యలో చేరి పిండి ముద్దవుతుంది. పైగా మన వైపు పాత రోజుల్లో కుడుములంటే గిన్నె మూతికి గుడ్డ కట్టి ఉడికించేవాళ్లు, దానికి ఇంత చెక్కుడు పని ఎవరూ చేయించరు. బూందీ జల్లెడకు పొడుగు కాడ కావాలి, నూనె పొగ మీద చెయ్యి పెట్టలేం కదా.

అభిషేకం మాట పూర్తిగా తీసేయను. కానీ పూజ పాత్ర మీద ఉర్దూలో పేరు కొట్టించడం అరుదు.

ఇక 135 సంగతి. గిన్నె మీద బరువు కొట్టించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. తులం అంటే 11.66 గ్రాములు, ఆ లెక్కన 135 తులాలు 1,575 గ్రాముల దగ్గర తేలుతుంది. ఇంట్లో తక్కెడ ఉంటే తూచి చూడండి.

పరకాల కోడలు
కిరాణా కొట్లో తూయించాను. గిన్నె 2 కిలోల 150 గ్రాములు, పళ్లెం 900 గ్రాములు. విడిగా చూసినా, కలిపినా 135 తులాలకు దేనికీ పొంతన లేదు. అరిగి తగ్గిందనుకున్నా, ఎక్కువుండటం ఏంటి?

కాజీపేట జంక్షన్
ఘడియారం గిన్నె గురించి ఎవరూ అనలేదు. పూర్వం నీళ్లలో చిల్లు గిన్నె వదిలి, అది మునిగే సమయాన్ని ఒక ఘడియగా లెక్కపెట్టేవాళ్లు. 24 నిమిషాలు. పెళ్లి ముహూర్తాలకు కూడా వాడేవాళ్లని మా తాత చెప్పేవాడు.

మంథని మాస్టారు
దానికి రాగి గిన్నె, అడుగున సూది మొనంత ఒక్కటే చిల్లు ఉండాలి. ఇక్కడ గిన్నెకు చిల్లు లేదు, పళ్లేనికి వంద ఉన్నాయి.

పెంబర్తి రేకుపని
మా ఇంట్లో తాతల నుంచి ఇదే పని కాబట్టి చెప్తున్నాను. ఫొటో చూడగానే కొందరు పెంబర్తి పనేనా అని నాకు విడిగా మెసేజ్ పెట్టారు. ఇది ఫలానా ఊరి పని అని గుర్తించే జీఐ ట్యాగ్ మాకు 2010లో వచ్చినప్పటి నుంచి చెక్కుడు ఉన్న పాత ఇత్తడి ఏది కనిపించినా మా ఊరి పేరే చెప్తున్నారు, సంతోషమే. ఇది మాత్రం మా పద్ధతి కాదు. మేం రేకును మెత్తటి దిమ్మె మీద పరిచి వెనక నుంచి కొట్టి బొమ్మను ఉబ్బిస్తాం, తర్వాత తిప్పి ముందు నుంచి గీతలు తీర్చిదిద్దుతాం. గుడి వాహనాల తొడుగులు, ద్వారాల రేకులు అలాగే అవుతాయి. ఈ గిన్నె అంచు మీద తీగలు పైనుంచి ఉలితో గీసినవి. అంచు కింద వేలితో రాస్తే నున్నగా ఉంటుంది, చూడండి.

రెండో ఫొటోని పెద్దది చేస్తే గోడకూ అడుగుకూ మధ్య అతుకు పళ్లు పళ్లుగా కనిపిస్తోంది. ఒక రేకు అంచును పళ్లలా కత్తిరించి ఇంకో రేకులో ఇరికించి అతికేవాళ్లు. మంచి చేతి పని. అచ్చులో పోసింది కాదు, మిషన్ మీద తిప్పింది కాదు. ఒకచోట ఆ అతుకు విడిపోతున్నట్టుంది, జాగ్రత్త.

చిల్లులు సమానంగా లేవు, ఒక్కొక్కటీ విడిగా కొట్టారు. ఒక్క పళ్లేనికి ఇంత ఓపిక పెట్టారంటే అది నలుగురి ముందు పెట్టే వస్తువు, వంటింట్లో దాచేది కాదు.

హంటర్ రోడ్
నలుగురి ముందు పెట్టేదంటే ఉమ్మి పడిగ అవ్వొచ్చా? తాంబూలం వేసుకుని ఉమ్మడానికి పెద్దవాళ్ల ఇళ్లలో ఇత్తడివి ఉండేవి.

పెంబర్తి రేకుపని
ఉగాల్‌దాన్ అంటారు దాన్ని. అది వేరే రూపం: నడుము సన్నం, మూతి విచ్చుకుని ఉంటుంది, చేత్తో ఎత్తి పట్టుకునే సైజు. ఇది 15 అంగుళాలు.

మండి బజార్
అస్సలాం అలైకుం, నమస్తే. ఫొటో ఇవాళే చూశాను. ఇది చిలుంచి. హైదరాబాద్ ఇళ్లలో సైలబ్చీ అని కూడా అంటారు. భోజనానికి ముందు, తర్వాత కూర్చున్న చోటే చేతులు కడిగించే పాత్ర.

మా నానమ్మ ఇంట్లో ఒకటి ఉండేది కాబట్టి ఎలా వాడతారో చెప్తాను. దస్తర్‌ఖాన్, అంటే భోజనానికి నేల మీద వేసే గుడ్డ, పరిచాక అతిథులు వరసగా కూర్చుంటారు. ఒకరు చిలుంచి పట్టుకుని ఒక్కొక్కరి ముందుకు వస్తారు. రెండో చేతిలో పొడుగు కొమ్ము ఉన్న చెంబు. దాన్ని ఆఫ్తాబా అంటారు. అతిథి చేతులు చాపితే, చెంబులోంచి సన్నటి ధార పోస్తారు. ఆ నీళ్లు చిల్లుల పళ్లెం మీద పడి కిందికి దిగిపోతాయి. మాసిన నీళ్లు కంటికి కనబడవు, తర్వాతి వాళ్ల మీద చిందవు. అంత మందికీ కడిగించాక, వేలు కంతలో పెట్టి పళ్లెం ఎత్తి నీళ్లు పారబోస్తారు. మీ ఫొటోలో ఉన్న కంత అందుకే. అంచు అంత వెడల్పుగా ఎందుకుందంటే, పట్టుకునేవాళ్ల చెయ్యి తడవకూడదు, కూర్చున్నవాళ్ల బట్టల మీద చుక్క పడకూడదు. మా ఇంట్లో నూనె జిడ్డు పోవడానికి శనగపిండి గిన్నె కూడా పక్కనే పట్టుకుని తిరిగేవాళ్లు.

మాస్టారు అడిగిన ప్రశ్నలన్నీ దీనికే సరిపోతాయి. పొయ్యి ఎక్కదు, కాబట్టి మసి లేదు. తిండి పెట్టరు, కాబట్టి కలాయి అక్కర్లేదు. చేతులు పైన తగులుతాయి, కాబట్టి గరుకు కిందికి పెట్టారు. ఆ తెల్ల చార నిలిచిన నీళ్లదే.

అక్కా, మీ ఇంట్లో కొమ్ము చెంబు ఏదైనా ఉందా? ఇవి జంటగా కొంటారు.

జమ్మికుంట పిల్ల
చదివి ఒళ్లు జలదరించింది. ఇన్ని రోజులూ బతుకమ్మ పేర్చిన పళ్లెం ఇదా!

పరకాల కోడలు
భాయ్, మీ పోస్టు అత్తమ్మకు చదివి వినిపించాను. కొమ్ము చెంబు అనగానే లేచి కూర్చుంది. ఉండేదట. మామయ్య చెల్లెలు జమ్మికుంటలో ఉంటారు, ఆమెకు పెళ్లప్పుడు సారెలో ఇచ్చి పంపారట. ఇప్పుడే ఫోన్ చేశాం. ఇంకా ఉంది! శుభకార్యాలకు పన్నీరు, నీళ్లు పోయడానికి వాడుతున్నారట. ఫొటో పంపమన్నాం.

వేములవాడ వాసి
ఒక సందేహం, తప్పుగా అనుకోవద్దు. మన ఊళ్లల్లో చెయ్యి కడగడం అంటే పెరట్లో గోళెం దగ్గరికి వెళ్లి చెంబుతో పోసుకోవడమే. దస్తర్‌ఖాన్ పద్ధతి పాత్ర మీ ఇంటికి ఎలా వచ్చింది?

పరకాల కోడలు
మామయ్య వాళ్ల తాత పట్వారీ. తహసీల్ నుంచి, జిల్లా నుంచి ఎవరొచ్చినా ఈ ఇంట్లోనే దిగేవాళ్లని అంటారు. దీనికీ దానికీ లింకు ఉందని ఇప్పటిదాకా మాకు తట్టలేదు.

మంథని మాస్టారు
అదే జవాబు. నిజాం సర్కారులో ఊరి లెక్కలు పట్వారీ చేతిలో, శిస్తు వసూలు మాలీపటేల్ చేతిలో, బందోబస్తు పోలీసు పటేల్ చేతిలో ఉండేవి. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ లాంటి గిర్దావర్, తహసీల్దార్, అప్పుడప్పుడు తాలూక్‌దార్ దౌరాకు, అంటే ఊళ్ల తనిఖీకి, వస్తారు. తాలూక్‌దార్ అంటే ఇప్పటి కలెక్టరు. జమాబందీ, అంటే ఏటా శిస్తు లెక్కలు తేల్చడం, అప్పుడు రోజుల తరబడి మకాం. వచ్చేవాళ్లలో చాలామంది హైదరాబాద్ మర్యాదల్లో పెరిగినవాళ్లు, వాళ్లను పెరట్లో గోళెం దగ్గరికి పంపలేరు కదా. మంథనిలో కూడా ఇలాంటి ఇళ్లల్లో పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు ఉండేవి. ఇంటివాళ్లు వాడుకునేవి కావు, వచ్చినవాళ్ల కోసం. అందుకే మీ అత్తమ్మ కాపురానికి వచ్చేసరికి దాని పని అయిపోయింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ హోదాలే మారిపోయాయి. పట్వారీ పదవి మాత్రం 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా నడిచింది.

సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్లినవాళ్లు ఈసారి బిద్రీ సామాను ఉన్న గదిలో కాస్త నిలబడి చూడండి. నల్లటి లోహం మీద వెండి పొదిగిన ఆ పనిలో హుక్కా కుండలు, పాన్‌దాన్‌లతో పాటు చేతులు కడిగే ఇలాంటి సామాను కూడా చేసేవాళ్లు. మీది అంత ఖరీదైన రకం కాదు, కానీ మర్యాద అదే.

మండి బజార్
అక్కా, ఇప్పుడు అడుగున ఉన్న అక్షరాలు చూద్దాం. మీ ఫొటోలో మెరుపు పడి ఏమీ కనిపించడం లేదు. గది చీకటి చేసి, ఫోన్ టార్చి గిన్నెకు పక్క నుంచి, నేలకు ఆనించినట్టుగా పట్టి ఫొటో తీయండి. గుంటల్లో నీడ పడుతుంది.

మంథని మాస్టారు
పల్చటి తెల్ల కాగితం పరిచి మెత్తటి పెన్సిలు అడ్డంగా రుద్దినా వస్తుంది. గట్టిగా నొక్కకండి. పిండి, సుద్ద పొడి రుద్దకండి, గుంటల్లో ఇరుక్కుంటే తీయడం కష్టం.

పరకాల కోడలు
రెండూ చేశాం. కాగితం మీద బాగా వచ్చింది, స్కాన్ చేసి పెట్టాను. అక్షరాలు గీతలు కావు, వరసగా చిన్న చిన్న చుక్కలతో కొట్టినవి.

మండి బజార్
మాషా అల్లాహ్, స్పష్టంగా ఉంది. గిన్నెల కొట్లో పేరు కొట్టించినప్పుడు సన్నటి ఉలి మొనతో అలా చుక్కలు చుక్కలుగా కొడతారు. మొదట ఒక మనిషి పేరు, తర్వాత "పట్వారీ", తర్వాత "మౌజా" అని ఊరి పేరు. పేర్లు ఇక్కడ రాయను, మీకు విడిగా పంపాను. మీ ఇంటి పెద్దాయన పేరేనా చూసుకోండి.

అంకె 135 కాదు. చివర ఇంకోటి ఉంది. ఉర్దూ అంకెల్లో సున్నా అంటే ఒక్క చుక్క. అక్షరాలన్నీ చుక్కలతో కొట్టారు కాబట్టి ఆ చుక్క విడిగా తెలియడం లేదు. కాగితం మీద చూడండి: నిలువు గీత ఒకటి, రెండు కొక్కేలున్న మూడు, మొన పైకి తిప్పిన తమలపాకులా ఉన్న అయిదు, దాని కుడి పక్కన మిగతా చుక్కల కన్నా లావుగా, లోతుగా ఒకటి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాసినా అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. అంటే 1350.

దాని పక్కన చిన్న అక్షరం "ఫే". అంటే ఇది సంవత్సరం. సర్కారు శిస్తు లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరం అని గుర్తు. హిజ్రీ అయితే "హే" వేస్తారు.

మంథని మాస్టారు
చాలా విలువైన మాట చెప్పారు భాయ్. పహాణీలు, సేత్వార్ నకళ్లు లాంటి పాత భూమి రికార్డులు చూసిన వాళ్లకు ఫసలీ తెలుసు. మన వైపు ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నిజాం సర్కారులో ఫసలీ సంవత్సరం అక్టోబరులో, అజుర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి 1350 ఫసలీ అంటే 1940 అక్టోబరు నుంచి ఏడాది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన చివరి దశ. అదే 1350 హిజ్రీ అయితే 1931-32 అయ్యేది. ఆ ఒక్క అక్షరం తొమ్మిదేళ్లు తేడా తెస్తుంది.

ఇది పేరు కొట్టించిన ఏడాది. గిన్నె అప్పుడే కొన్నారా, ముందే ఉందా అన్నది దీన్ని బట్టి తేలదు. అయితే 1941 తర్వాత చేసింది మాత్రం కాదు.

పరకాల కోడలు
పేరు మామయ్య వాళ్ల తాతదే. ఊరి పేరు కూడా మాదే. జమ్మికుంట నుంచి చెంబు ఫొటో వచ్చింది. దాని అడుగునా అదే పేరు, అదే 1350. అత్తమ్మ ఆ ఫొటో ఉన్న ఫోన్ కిందికి పెట్టడం లేదు.

చింతగట్టు
ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. ఒక మాట చెప్పాలి, ఎవరి మనసూ నొప్పించాలని కాదు.

మా తాతలు మీలాంటి ఊళ్లోనే చాకిరి చేసినవాళ్లు. సర్కారు నౌకర్లు దౌరా వస్తే ఊళ్లో ఒక్కో కులానికి ఒక్కో పని వంతు. కుండలు తెచ్చేవాళ్లు కుండలు తేవాలి, బట్టలు ఉతికేవాళ్లు ఉతకాలి, కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి, వాళ్ల సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరి దాకా దింపి రావాలి. కూలి లేదు. అదే వెట్టి. మా నాయనమ్మ చెప్పేది: మకాం ఉన్నన్ని రోజులు పొలం ఎండినా సరే, పిలుపు వస్తే పోవాల్సిందే. 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో జరిగిన పోరాటానికి ఈ వెట్టి కూడా ఒక పెద్ద కారణం.

భాయ్ చెప్పారు కదా, ఒకరు చిలుంచి పట్టుకుని, కొమ్ము చెంబుతో నీళ్లు పోస్తూ వరసగా తిరుగుతారని. మండి బజార్ ఇంట్లో ఆ పని ఇంటి మనుషులు ప్రేమగా చేసి ఉంటారు. పట్వారీ ఇంట్లో తహసీల్దారు చేతుల మీద నీళ్లు ఎవరు పోశారు? గిన్నె మీద యజమాని పేరుంది, ఊరి పేరుంది, సంవత్సరం ఉంది. పోసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. ఈ వస్తువు ఏంటి అని అడిగారు కాబట్టి, అది కూడా జవాబులో భాగమే అనిపించి రాశాను.

కాజీపేట జంక్షన్
అన్నా, మంచి మాట రాశావు. మనం వస్తువును పొగుడుకుంటూ పోతున్నాం.

పరకాల కోడలు
అన్నా, మీ పోస్టు రాత్రి చదివాను, వెంటనే ఏం రాయాలో తెలియలేదు. పొద్దున అత్తమ్మను అడిగాను. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటికి నీళ్లు మోసే ముసలాయన ఒకరు ఉండేవారట. దొరల మకాంల గురించి ఆయన కథలు చెప్పేవాడని, ఎండాకాలం బావి అడుగంటితే రెండు మైళ్లు పోయి తెచ్చేవాడినని అనేవాడని చెప్పింది. ఆయన పేరు అత్తమ్మకు తెలుసు. ఆయన మనవలు ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నారు. వాళ్లను అడిగి, ఒప్పుకుంటే ఆయన పేరు కూడా రాసి పెట్టుకుంటాం. ఈ గిన్నె గురించి పిల్లలకు ఒక కాగితం మీద రాసి ఉంచుదామని మా ఆయన అన్నారు, మీరు రాసిన మాట అందులో ఉంటుంది.

చింతగట్టు
సంతోషం చెల్లె. ఆయన ఏ బావి నుంచి తెచ్చేవాడో అది కూడా అడిగి రాయండి. బావి పేరు ఉంటే ఊళ్లో ఇంకెవరికైనా ఇంకేదైనా గుర్తొస్తుంది.

పరకాల కోడలు
ఇంకో టెన్షన్ వచ్చి పడింది. ఫొటో చూసి ఒకతను ఇన్‌బాక్స్‌లో రోజూ మెసేజ్‌లు పెడుతున్నాడు. గిన్నె పక్కన బియ్యం గింజలు పోసి కదులుతున్నాయేమో చూడమంటాడు. కదిలితే కోట్లలో కొనే పార్టీ ఉందట. ముందు టెస్టింగ్ ఫీజు కట్టాలట. మా మరిది సగం నమ్ముతున్నాడు.

కాజీపేట జంక్షన్
అక్కా, ఒక్క రూపాయి కూడా కట్టకండి. రైస్ పుల్లింగ్ అని ఇదో పెద్ద మోసం. పిడుగు పడిన రాగి, ఇత్తడి పాత్రలకు ఇరీడియం శక్తి వస్తుందని, విదేశాల్లో అంతరిక్ష పరిశోధన వాళ్లు కొంటారని కథ చెప్తారు. ఏ లోహమూ బియ్యాన్ని లాగదు. గింజలకు ఇనుప పొడి పట్టించి, పాత్రలో అయస్కాంతం దాచి చూపిస్తారు. టెస్టింగ్ ఫీజు, కెమికల్ ఫీజు, ట్రాన్స్‌పోర్ట్ అని విడతలుగా లాగుతారు. రెండు రాష్ట్రాల్లో ఇలాంటి ముఠాలు ఎన్నోసార్లు దొరికాయి. మీ మరిదికి ఈ పోస్టే చూపించండి. మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆన్‌లైన్‌లో డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మంథని మాస్టారు
ఇంట్లో అయస్కాంతం ఉంటే గిన్నెకు పెట్టి చూపించండి. ఇత్తడి రాగి, జింకుల కలయిక, అయస్కాంతమే దానికి అంటదు, ఇక బియ్యం ఏం అంటుతుంది.

పురావస్తువు అని భయపెట్టేవాళ్లు కూడా వస్తారు. 1972 చట్టం ప్రకారం ఇలాంటి లోహపు వస్తువుకు కనీసం వందేళ్లు ఉంటేనే పురావస్తువు కింద లెక్క. మీ గిన్నె మీదున్న ఏడాది 1940-41. ఇంట్లో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

హంటర్ రోడ్
అమ్మితే ఎంత వస్తుందో కూడా చెప్పండి ఎవరైనా.

పెంబర్తి రేకుపని
పాత సామాను కొనేవాడు తూకం వేసి ఇత్తడి ధర ఇస్తాడు, 3 కిలోల ధర. పేరు, ఏడాది, జంట చెంబు, ఇవన్నీ తెలిసినవాడు ఎక్కువ ఇవ్వచ్చు. కానీ జంటను విడదీసి అమ్మితే రెండింటి విలువా పోతుంది. నా మాట అడిగితే అమ్మవద్దనే అంటాను. ఇలాంటి పళ్ల అతుకు వేసే చేతులు ఇప్పుడు తక్కువ. మా పిల్లలకు చూపించడానికి కూడా పాత గిన్నె దొరకడం లేదు.

పరకాల కోడలు
అమ్మం అన్నా. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. గిన్నె మా దగ్గరే ఉంటుంది, చెంబు జమ్మికుంటలోనే. పండక్కి ఇక్కడికి తెస్తామన్నారు. తోమడం గురించి చెప్పండి. అత్తమ్మ చింతపండు నానబెట్టి కూర్చుంది.

పెంబర్తి రేకుపని
చింతపండు ఆపమనండి అమ్మా. చింతపండు పులుపు నలుపుతో పాటు పైపొరను కూడా తినేస్తుంది. ఏటా బతుకమ్మకు తోమే పళ్లెం సంగతి వేరు, దానికి అలవాటైంది, పూలు పేర్చే ముందు లేతగా రుద్ది వెంటనే కడిగి తుడిస్తే చాలు. గిన్నె అడుగున ఉన్న అక్షరాలు మాత్రం చాలా పల్చగా కొట్టినవి. పీచు, ఇసుక, నిమ్మ చెక్క, పౌడర్లు ఏవీ ఆ చోట తగలనివ్వకండి. పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. మళ్లీ అటక మీదికి ఎక్కించేటప్పుడు గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు పచ్చ చిలుము పడుతుంది.

పరకాల కోడలు
అలాగే. అతుకు విడిపోయిన చోట ఏం చేయాలి? ఇక్కడ వెల్డింగ్ షాపు అతను పది నిమిషాల పని అంటున్నాడు.

పెంబర్తి రేకుపని
గ్యాస్ వెల్డింగ్ వద్దే వద్దు. పాత రేకు అరిగి పల్చబడి ఉంటుంది, ఆ మంటకు కరిగి చిల్లు పడుతుంది. చుట్టూ రంగు కూడా మారిపోతుంది. మీరు ఇందులో మళ్లీ నీళ్లు పోసేది లేదు కదా, తక్కువ వేడి మీద తగరం అతుకు వేస్తే సరిపోతుంది. లోపలి వైపు నుంచే వేస్తాను, బయట పళ్లు కనిపించాలి. డబ్బులేమీ వద్దు, ఫొటోలు తీసుకోనిస్తే చాలు.

పరకాల కోడలు
చాలా థాంక్స్ అన్నా. వచ్చే వారం హైదరాబాద్ పోయే పని ఉంది, దారిలో జనగామ దాటాక మీ ఊళ్లో ఆగుతాం. గిన్నె ఒక్కటి తెస్తే చాలా?

పెంబర్తి రేకుపని
చిల్లుల పళ్లెం కూడా తేండి. అతుకు వేశాక గిన్నె గోడ ఒక వైపు వంగితే పళ్లెం సరిగ్గా దిగదు. పక్కనే పెట్టుకుని కూర్చోబెట్టి చూసుకుంటూ వేయాలి.